సత్యాన్వేషి: ఒక దూరదర్శన కథ



ఈ సాయంకాలము నేను ముచ్చటింపదలచిన విషయము మొదట వట్టి వినోదముగా దోచును. కాని అది తిరిగి తిరిగి మన రచ్చబండ యొద్దకే వచ్చి నిలుచును గనుక, తుదివరకు విన గోరెదను.

1993 వ సంవత్సరమున దూరదర్శనము హిందీభాషలో నొక అపరాధ పరిశోధక ధారావాహికను ప్రసారము చేసెను. దాని పేరు ‘బ్యోమకేశ్ బక్షీ’. వ్యోమకేశుడన శివుడు. వకారమును బకారముగా పలుకు వంగవాసుల నోట వ్యోమకేశుడు బ్యోమకేశుడైనాడు. ఈ పాత్రను సృజించినవాడు శరదిందు బంద్యోపాధ్యాయుడు. ఆయన 1899 లో పుట్టి 1970 లో గతించెను. ఈ పరిశోధకునిపై ముప్పదిరెండు కథలు పూర్తిచేసి, మఱియొకదానిని సగములో విడిచిపోయెను. ఆ కథలను దూరదర్శనమునకు మలచినవాడు బాసు చటర్జీ. వ్యోమకేశునిగా రజిత్ కపూరును, అతని మిత్రుడు అజిత్తుగా కె. కె. రైనాయు నటించిరి.

ఆ దినములలో మా తుళ్లూరున టెలివిజను గల యిండ్లు కొన్నియే. ఒక పెద్దమనిషి యింటి వసారాలో పెట్టెను బయటకు జరిపి పెట్టెడివారు. మిరపకోతల నుండి వచ్చినవారును, ప్రత్తి తీసి వచ్చినవారును, కాళ్లు కడిగికొని వచ్చి వాకిట చాపలపై గూర్చుండెడివారు. హిందీ మాలో పెక్కుమందికి రాదు. మా బడిలో పనిచేసిన యుపాధ్యాయులొకరు దక్షిణభారత హిందీ ప్రచార సభ పరీక్షలలో నుత్తీర్ణులైనవారు. ఆయన ప్రక్కన గూర్చుండి మాటకు మాట తెలుగున జెప్పుచుండగా మేము కథను గ్రహించెడివారము. ఒక్కొక్కప్పుడు ఆయన చెప్పుట ముగియకముందే హంతకుడు పారిపోయెడివాడు. అప్పుడు ‘ఏమయినదయ్యా, ఏమయిన’ దని నలుదిక్కుల నుండి కేకలు వినవచ్చెడివి.

అందు మొదటి కథ పేరు ‘సత్యాన్వేషి’. దానినే నేడు మీకు విన్నవింతును.

కలకత్తా నగరమున నొక మెస్సు కలదు. మన పట్టణములలో గుమాస్తాలును విద్యార్థులును గది యద్దెకు దీసికొని భోజనము చేయు చోటు వంటిది. క్రింది యంతస్తున దాని యజమాని అనుకూలబాబు నివసించును. ఆయన హోమియోపతి వైద్యుడు. మాట మెత్తన. బీదసాదలకు స్వల్పమూల్యమునకు మందులిచ్చును. వీధివారందఱును ఆయనను దేవునివలె జూతురు. పై యంతస్తున నున్నవారిలో అజిత్తు అను యువకు డొకడు. ఆ పేటలో కొకెయిన్ అను మత్తుమందు వ్యాపారము రహస్యముగా సాగుచున్నది. హత్యలును జరుగుచున్నవి. పోలీసువారికి దారి దొరకకున్నది.

ఇట్లుండగా అతుల్ చంద్రమిత్రుడను పేర నొక క్రొత్తవాడు గది వెదకికొనుచు వచ్చెను. గదులు ఖాళీ లేవు. అజిత్తు జాలిపడి తన గదిలో చోటిచ్చెను. కొన్ని దినములకే అశ్వినీబాబను సాటి నివాసి రాత్రివేళ హత్య చేయబడెను. ఇల్లంతయు తల్లడిల్లినది. పోలీసులు వచ్చిరి, ప్రశ్నించిరి. క్రొత్తగా వచ్చినవాడెవడు? అతుల్ చంద్రుడు. అతని పేరు నిజమైనదా? కాదు. ఇంకేమి కావలయును? అతనిని పట్టుకొనిపోయిరి.

మా వసారాలో నున్నవారందఱును ‘చూచితిరా! మొదటినుండియు వాని చూపు బాగుగా లేదు’ అనిరి. ఆ మాట యన్నవారిలో నేనును ఒకడను.

కాని కథ వేఱు త్రోవ త్రొక్కినది. ఆ క్రొత్తవాడే వ్యోమకేశ బక్షి. పోలీసు అధికారుల యనుమతి పొంది, మారుపేరున ఆ యింట జేరి, రహస్యము నారయుచున్నవాడు. విడుదలయైన పిమ్మట అజిత్తును తన యింటికి గొనిపోయెను. ఆ యింటి తలుపున నున్న పలకపై అతని పేరు క్రింద ‘సత్యాన్వేషి’ యని వ్రాసియున్నది. డిటెక్టివనుమాట తనకు రుచింపదనియు, తాను సత్యమును వెదకువాడను మాత్రమేననియు అతడు చెప్పెను. తుదకు దోషి యెవడు? వీధివారు దేవుడని కొలిచిన వైద్యుడే. వైద్యము ముసుగున మత్తుమందు నడపినవాడును, తన గుట్టు తెలిసినందున అశ్వినీబాబును కడతేర్చినవాడును అతడే. వ్యోమకేశుని గూడ రాత్రివేళ చంపజూచి పోలీసువారికి చిక్కెను.

పెట్టె కట్టివేసిన తరువాత మా వాకిట చాలసేపు ఎవరును మాటలాడలేదు. ఒక ముసలాయన మాత్రము, ‘మందులిచ్చిన చేతితో నట్లెట్లు చేసినాడురా?’ అనుచు లేచిపోయెను.

అయ్యలారా! ఇట్టి కథలు మనకు క్రొత్తవి కావు. ఆంగ్లదేశమున కోనన్ డాయిల్ 1887 లో షెర్లాక్ హోమ్సును లోకమునకు పరిచయము చేసెను. వంగభాషలో పాంచకడీ దే వ్రాసిన పరిశోధక నవలలు ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలోనే తెలుగునకు వచ్చినవి. అటుపిమ్మట కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరును, అతని సహాయకుడు రాజును, మధుబాబుగారి షాడోయు అద్దెపుస్తకముల దుకాణములలో మన పిల్లలను నిద్రపోనీయలేదు. మల్లాది వెంకటకృష్ణమూర్తిగారి నవల నాధారముగా జేసికొని జంధ్యాలగారు 1986 లో ‘చంటబ్బాయ్’ చలనచిత్రమును దీసి, ప్రైవేటు పరిశోధకుని వృత్తిని హాస్యముగా జూపిరి.

వీరందఱికంటె ముందే మన కొక పరిశోధకుడు కలడు. మర్యాదరామన్న. ఆయన తీర్పులలో నేతి యప్పు కథ మీకు తెలిసినదే. ఒకతెకు పాడి విస్తారము, ఇంకొకతెకు స్వల్పము. స్వల్పపాడి గలయామె తాను నేయి అప్పిచ్చితినని ఫిర్యాదు చేసినది. ‘ఇంత పాడి గల నేను ఆమె యొద్ద అప్పు చేయుదునా?’ అని రెండవయామె యడిగినది. సభ యంతయు నామె పక్షమే. రామన్న యిద్దఱిని బురదలో నడిపించి, కాళ్లు కడిగికొనుటకు చెఱియొక చెంబు నీరిచ్చెను. ఒకతె చెంబెడు నీరును గుమ్మరించియు బురద పోగొట్టుకొనలేకపోయినది. ఇంకొకతె కొలదినీటితో శుభ్రముగా గడిగికొని, మిగిలిన నీటిని చెంబులోనే నిలిపినది. పొదుపెరిగినయామె నేయి కూడబెట్టి అప్పిచ్చియుండుననియు, దుబారా చేయునామె యెంత పాడియున్నను అప్పు చేసియుండుననియు రామన్న నిర్ణయించెను. ఇందు ముఖ్యమేమన, రామన్న యెవరి ముఖమును జూడలేదు, ఎవరి సంపదను జూడలేదు. ఒక పరీక్ష కల్పించి, దాని ఫలితమును జూచెను.

పరీక్ష యన్నంతనే మన పూర్వుల దివ్యములు స్ఫురించును. ధర్మశాస్త్రములు తుల, అగ్ని, జలము, విషము, కోశము అని దివ్యములను బేర్కొన్నవి. మితాక్షరను కేతనకవి పదుమూడవ శతాబ్దిలో ‘విజ్ఞానేశ్వరీయ’మను పేర తెనిగించెను. సాక్షులును పత్రములును లేని చోట దైవమునే సాక్షిగా బిలుచుట వాని యుద్దేశము. ఆ కాలమునకు వేఱు సాధనము లేకపోయెనేమో. కాని కాలిన యినుమును బట్టుకొన్న చేయి దొంగదైనను దొరదైనను కాలును. ఆ పరీక్ష చర్మమును గూర్చి చెప్పును గాని సత్యమును గూర్చి చెప్పదు. దివ్యములు పోయినను వాని పిల్లలు మన యూళ్లలో మిగిలినవి. తమలపాకున కాటుక పూసి, పసిపిల్లవానిచేత చూపించి, ‘దొంగ యెవడో కనబడుచున్నాడా?’ అని యడుగు అంజనము అట్టిదే. పసివానికి కనబడునది ఆకుపై నున్న కాటుకకంటె, చుట్టునున్న పెద్దల మనస్సులో నప్పటికే యున్న పేరు.

ఈ మాట నే ననుభవమున జెప్పుచున్నాను.

ఆ ధారావాహికను జూచిన మఱుసటి వేసవి, 1994 లో, మా యూర నొక రైతు కల్లమున మిరపకాయలు ఆరబోసికొనెను. ఆకాశమున మబ్బు కమ్మినందున తొందరపడి, కాయలు పూర్తిగా గలగలలాడకముందే గోతములకెత్తించెను. ముప్పది టిక్కీలు. కాటా వేయగా ఒక్కొక్కటి 40 కిలోలు, వెరసి 1,200 కిలోలు. ధర వచ్చువరకు చావిడిలో నిలువచేసి, కాపలాకు నొకనిని బెట్టిరి. అతడు మా యూరివాడు కాడు. కోతలకై భార్యతో వలసవచ్చి, పని బాగుగా జేయుటచేత నిలిచిపోయినవాడు.

నెల గడచినది. గుంటూరు యార్డునకు దోలుటకు ముందు మరల తూచిరి. టిక్కీలు ముప్పదియు నున్నవి, కుట్లు చెదరలేదు. కాని బరువు 1,120 కిలోలే. రెండు టిక్కీల సరకు మాయమైనది! గోతము గోతమున నుండి గుప్పెళ్లు తీసి, మరల కుట్టి పెట్టినాడని యొకరనిరి. వాని భార్య సంతకు బోయినప్పుడు బుట్ట బరువుగా నుండెనని వేఱొకరు జ్ఞాపకము చేసికొనిరి. అంజనము వేయించిరి. పిల్లవాడు ‘నల్లని మనిషి, తలపాగ’ అనెను. మా యూర నల్లనివారును తలపాగవారును కోకొల్లలు. అయినను అందఱి చూపును ఒక్కని మీదనే పడినది.

రావిచెట్టు క్రింద పంచాయతీ జరిగినది. అతని నెల జీతము నిలిపివేయుటకు నిర్ణయమయ్యెను. అతడు ‘అయ్యా, నేనెఱుగను’ అను మాట తప్ప వేఱొకటి పలుకలేదు. ఎక్కువ మాటలాడకుండుటయు మాకు దోషముగానే కనబడినది. ఆ నిర్ణయమునకు తలయూచినవారిలో నేనును కలను. టెలివిజనులో వ్యోమకేశుని అనుమానించి పొరపడినవాడనై యుండియు, ఏడాది తిరుగకముందే నిజమైన మనుష్యుని విషయమున అదే పొరపాటు చేసితిని.

హిందీ తెలిగించి చెప్పిన మా యుపాధ్యాయుడు మాత్రము ఒప్పుకొనలేదు. ‘తూచినది ఎప్పుడు? కాయ ఎంత యారినది?’ అని యడిగెను. అంతట రెండవకోత కాయలను అదే కల్లమున అన్ని దినములే యారబెట్టించి, 40 కిలోలు తూచి, గోతము నోరు కుట్టించి, కుట్టుపై లక్కముద్ర వేయించి, తన యింటి గదిలో బెట్టి తాళము వేసెను. తాళపుచెవి పంచాయతీ పెద్ద చేతికిచ్చెను. నెలదినములు గడచినవి. అందఱ యెదుటను ముద్ర చూపి, గోతమును కాటాపై బెట్టిరి. 37 కిలోల 500 గ్రాములు!

దొంగ దొరికినాడు. అతడు ఎండ.

దీని లెక్క చాల సులభము. పండిన మిరపకాయలో బరువు పాలు నీరే హెచ్చు. నిలువకు దానిని నూటికి పదిపాళ్లు తేమ మిగులువరకు ఎండబెట్టవలయును. నూటికి పదునారుపాళ్లు తేమతో గోతమునకెత్తిన 40 కిలోలలో పొడిసరకు 33 కిలోల 600 గ్రాములు మాత్రమే. వేసవిగాలికి గోనెలోనే ఆరి తేమ పదిపాళ్లకు దిగినప్పుడు ఆ సరకు 37 కిలోల 300 గ్రాములు తూగును. ముప్పది టిక్కీలకు పోవునది దాదాపు 80 కిలోలు. మా లెక్కలో పోయినదియు సరిగా నంతే. ఉపాధ్యాయుని గోతములో నూరు గ్రాములో, రెండు నూర్ల గ్రాములో తేడా యున్నను, అది కాటాకును రాలిన గింజలకును సరిపోవును.

నిజము తేలినది గాని, ఆలోగా అతడు ఊరు విడిచెను. నిందపడిన వారము దినములకే ఒక రాత్రి భార్యతో వెడలిపోయెను. ‘దొంగ కానిచో ఏల పాఱిపోవును?’ అని అప్పుడు మేము మఱింత నిశ్చయించుకొంటిమి. దొంగయని పిలిచినచోట ఎవడు నిలుచును? నిందయే అతనిని వెడలగొట్టగా, ఆ వెడలుటనే నిందకు సాక్ష్యముగా జేసికొంటిమి.

రైతును, నేనును అతని యూరు విచారించుకొనుచు పోయి, నిలిపిన జీతము చేతబెట్టితిమి. అతడు లెక్కపెట్టుకొని, నడుమున జెక్కుకొని, ఒక్కటే యడిగెను: ‘అయ్యా, నన్ను దొంగయన్న చెట్టు క్రిందనే, వీడు దొంగ కాడని చెప్పినారా?’ మేము చెప్పలేదు. ఉపాధ్యాయుని యింటి గదిలో పదిమంది యెదుట తేలిన సత్యము ఆ గదిలోనే యుండిపోయెను. తిరిగివచ్చి, రావిచెట్టు క్రింద అందఱిని సమావేశపఱచి, పొరపాటు మాదేయని చెప్పితిమి. రమ్మని కబురంపితిమి గాని, అతడు మరల మా యూరికి రాలేదు. ఆ కల్లము నేడు లేదు. 2015 లో రాజధాని కొఱకు జరిగిన భూసమీకరణతో మా ప్రాంతపు పొలముల రూపు మారినది. ఆ ప్రశ్న మాత్రము నా చెవిలో నిలిచియున్నది.

పెద్దలారా, ఈ రెండు కథలనుండి మనము గ్రహింపదగినవి కొన్ని కలవు.

మొదటిది. నేరము జరిగినప్పుడు మన దృష్టి ముందుగా క్రొత్తవాని మీదికి పోవును. క్రొత్తదనము నేరము కాదు. కోతలకును, కట్టడపు పనులకును దూరదేశముల నుండి వచ్చువారు మన యూళ్లలో నెందఱో యుందురు. వారి తరపున రచ్చబండపై మాటలాడుటకు బంధువు లుండరు. కనుకనే నింద వారిపై సులభముగా నిలుచును.

రెండవది. మంచిపేరు గలవాని మీదికి మన యనుమానము పోనేపోదు. పెద్దమనుష్యులను సందేహింపుమని నేను చెప్పుట లేదు. పేరును బట్టి దోషమును గాని, నిర్దోషమును గాని నిర్ణయింపరాదని మాత్రమే నా మనవి.

మూడవది. దొంగ యెవడని యడుగుటకు ముందు, దొంగతనము నిజముగా జరిగినదా యని యడుగవలయును. మా పంచాయతీ ఆ ప్రశ్న వేయలేదు. ఎవడని వెదకుటయందలి తొందరలో, ఏమి జరిగినదో చూచుట మఱచితిమి.

నాల్గవది చట్టమునకు సంబంధించినది. నిజమైన ప్రైవేటు పరిశోధకునకు మన దేశమున సామాన్యపౌరునికంటె నధికమైన యధికారమేమియు లేదు. గ్రామపెద్దలకును అంతే. అనుమానితుని చెట్టునకు గట్టుటయు, గదిలో బెట్టి గొళ్లెము వేయుటయు నేరములే. కొట్టి యొప్పించిన యొప్పుకోలు చెల్లదు. పోలీసు అధికారికి చేసిన యొప్పుకోలు సయితము ముద్దాయిపై సాక్ష్యముగా రుజువుపఱపరాదని 1872 నాటి సాక్ష్యచట్టము 25 వ సెక్షనున నుండెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 23 వ సెక్షనునను ఆ నియమమే నిలిచినది. తీవ్రనేరము జరిగినదని తోచినచో పోలీసుఠాణాలో ఫిర్యాదు వ్రాయించుట మన పని. నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను ఫిర్యాదు తీసికొనవలయుననియు, దాని ప్రతిని ఫిర్యాదుదారున కుచితముగా నీయవలయుననియు భారతీయ నాగరిక సురక్షా సంహిత 173 వ సెక్షను చెప్పుచున్నది.

చివరిది, అన్నిటికంటె కష్టమైనది. పొరపాటు తేలినప్పుడు, నింద వేసిన చోటనే, నింద విన్నవారి యెదుటనే దానిని తొలగింపవలయును. జీతము తిరిగి యిచ్చుట ఋణము తీర్చుట మాత్రమే. పేరు తిరిగి యిచ్చుట వేఱు.

వ్యోమకేశునిగా నటించిన రజిత్ కపూరే కొన్ని యేండ్లకు, 1996 లో, శ్యామ్ బెనెగల్ తీసిన ‘ది మేకింగ్ ఆఫ్ ది మహాత్మా’ చిత్రమున గాంధీగా నటించి జాతీయపురస్కారము పొందెను. గాంధీమహాత్ముడు తన యాత్మకథను సత్యముతో దాను జేసిన ప్రయోగములని పేర్కొనెను. తన తప్పులను దానే పదిమందిలో జెప్పుకొనుట ఆ ప్రయోగములలో నొక పెద్దభాగము. సత్యమును వెదకువాడు ఇతరుల గుట్టును మాత్రమే వెదకినచో సగము పనియే చేసినవాడగును.

మీ గ్రామమున రేపు ఏదేని వస్తువు పోయి, రచ్చబండపై నొక పేరు వినబడినప్పుడు, తలయూచుటకు ముందు ఒక్కసారి కాటాను, కాయను, కాలమును జూడుడు. అది ఒక నెల యాలస్యము చేసినను నష్టము లేదు. మా యూర నా నెల మేము ఓపికపట్టియుండినచో, ఒక కుటుంబము రాత్రివేళ మూట గట్టుకొని పోవలసి వచ్చెడిది కాదు.